శ్రుతి గదిలో గాలి

మా పెదనాన్న పాటలు వాయించే కీబోర్డుల తయారీ ఎందుకు ఆపేశాడని ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు. ఊరికే అడగరు, సమాధానం కూడా వాళ్ళే వెంట తెచ్చుకుంటారు. అంకెల లెక్కతో మోగే డిజిటల్ కీబోర్డులు వచ్చి పాతవాటిని తొక్కేశాయట. లోపల స్వరం పుట్టించే చిప్పు దొరకడం మానేసిందట. చేత్తో చేసే పని గిట్టుబాటు కాలేదట. జనానికి చెవులు మొద్దుబారిపోయాయట. ఇంట్లో దిండుకి ఆనుకుని ఇన్ని కనిపెట్టగల మనుషులు నా దగ్గరికొచ్చేసరికి అవునో కాదో చెప్పమంటారు. "అవునండీ" అంటాను. పాత పెట్టెలు బాగుచేసి బతుకుతున్నదాన్ని, గిరాకీతో వాదన పెట్టుకుంటే నాకేం ఒరుగుతుంది?

మీరు గిరాకీ కాదు కాబట్టి అసలు సంగతి చెబుతాను. వాళ్ళు చెప్పే కారణాలు అబద్ధాలేం కావు. కాకపోతే వాటన్నిటికీ ముందు ఒక టేబుల్ ఫ్యాను ఉంది.

మా కార్ఖానా అంటే పెద్ద గేటూ, పొగగొట్టమూ ఊహించుకోకండి. కింద టైర్ల కొట్టు, పైన రేకుల కప్పు కింద వరసగా మూడు గదులు. ముందు గదిలో పెదనాన్న బల్ల, ఫోను, తయారైన పెట్టెలు పెట్టుకునే అరలు. మధ్య గదిలో పొడవాటి బల్ల చుట్టూ మేం నలుగురం ఆడవాళ్ళం కూర్చుని తీగలకి టంకం పెట్టేవాళ్ళం. మా కబుర్లూ టంకం పొగా కలిసి కిటికీలోంచి బయటికి పోయేవి. చివరి గది తలుపు మాత్రం ఎప్పుడూ మూసే ఉండేది. అది శ్రుతి గది. అందులో మా పెద్దమ్మ కూర్చునేది.

మా కీబోర్డుని మేమందరం పెట్టె అనే పిలిచేవాళ్ళం. దాని గుణం ఒకటి చెప్పకపోతే ఈ కథ ముందుకి నడవదు. లోపలి భాగాలు వేడెక్కితే దాని స్వరం పైకి పోతుంది, చల్లబడితే కిందకి దిగుతుంది. వాయించేవాళ్ళేమో మండిపోయే స్టేజి లైట్ల కింద నిలబడి వాయిస్తారు. కాబట్టి శ్రుతి చేయడం కూడా అంత వేడిలోనే జరగాలన్నది పెదనాన్న సిద్ధాంతం. అందుకని ఎండ నేరుగా పడే గదిని ఎంచుకున్నాడు. కిటికీలు మేకులు కొట్టి మూసేశాడు. పైనున్న ఫ్యాను ఊడబీకించాడు. పెద్దమ్మ పొద్దున్నే పెట్టె ఆన్ చేసి, అది బాగా కాగాక మూత తెరిచి, ఒక్కో మీట నొక్కి వింటూ, లోపలి స్క్రూలు వెంట్రుకవాసి తిప్పుతూ శ్రుతి చేసేది. కుదిరిన స్క్రూ మళ్ళీ కదలకుండా దాని మీద ఎర్రటి గోళ్ళ రంగు చుక్క పెట్టేది. కుంచెకి మిగిలిన రంగు తన గోళ్ళకి పెట్టుకునేది.

తన చెవి విషయంలో పెద్దమ్మకి వినయం లాంటి జబ్బులేమీ లేవు. "ఈ పెట్టెలో ఆయన పెట్టింది తీగలు. పాట పెట్టింది నేను" అని కింద టైర్ల కొట్టువాళ్ళకి కూడా వినిపించేలా చెప్పేది. అందులో కోతలేమీ లేవు. ఆవిడ శ్రుతి చేసిన పెట్టెలంటే వాయిద్యగాళ్ళు చెవి కోసుకునేవాళ్ళు. ఆవిడకి సాయంగా పెదనాన్న చాలామందిని తెచ్చాడు. సంగీతం నేర్చుకున్న ఒకాయన మధ్యాహ్నం దాకా ఆ గదిలో ఉన్నాడు. భోజనం చేసి వస్తానని మెట్లు దిగాడు. ఇప్పటిదాకా రాలేదు.

ఒకరోజు పెద్దమ్మ ఆ గదిలోంచి గోడ పట్టుకుని బయటికొచ్చి నా భుజం మీద వాలిపోయింది. పెదనాన్న పని మీద బయటికెళ్ళాడు. నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ గుండె చూసింది, మళ్ళీ చూసింది, పని గురించి అడిగింది. విని, "ఆ గదిలోకి ఇంక వెళ్ళకండి. ఈ వయసులో ఆ వేడి మీ గుండె తట్టుకోదు. ఇవాళ కళ్ళు తిరిగాయి కాబట్టి సరిపోయింది" అంది.

బయటికి రాగానే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది మీ పెదనాన్న చెవిన పడిందో, నీ నాలుక కోస్తాను."

"అదేంటి పెద్దమ్మా, ఆయనకి తెలియకపోతే ఎలా?"

"తెలిస్తే ఏం చేస్తారు? నన్ను ఇంట్లో కూర్చోబెడతారు. నేను ఇంట్లో కూర్చుని ఏం చెయ్యనే? గిన్నెలకి శ్రుతి చెయ్యనా?"

చెబితే ఆవిడ పని పోతుంది, చెప్పకపోతే ఆవిడే పోతుంది. ఆ రెండిటి మధ్య ఆవిడ కనిపెట్టిన ఉపాయమే ఫ్యాను.

మొదట మర్యాదగానే అడిగింది. మర్నాడు భోజనాల దగ్గర, "ఏమండీ, ఆ గదిలో ఒక ఫ్యాను పెట్టించండి" అంది.

"ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకు?"

"ఇన్నేళ్ళూ ఒంట్లో నీళ్ళున్నాయి. అయిపోయాయి."

"గాలి తగిలితే లోపలి భాగాలు చల్లబడతాయి. శ్రుతి పోతుంది. నీకు తెలియనిదా?"

"ఆహా! అవి చల్లబడితే కొంప మునుగుతుంది. నేను ఉడికిపోతే ఏం మునగదు."

పెదనాన్న నవ్వాడు. అదంతా ఆవిడ గారాబం అనుకున్నాడు. మంచివాడే, కానీ పెట్టె తప్ప ఇంకేదీ చెడిపోతుందని ఆయన బుర్రకి తోచదు. మెడకి తడి తువ్వాలు చుట్టుకోమని సలహా ఇచ్చాడు. పెద్దమ్మ చుట్టుకుంది. తువ్వాలు నుంచి నీళ్ళు కారి తెరిచి ఉన్న పెట్టెలో పడి ఠప్పున నిప్పు రవ్వ లేచింది. ఆ పూట నుంచి తువ్వాలు కూడా బంద్.

ఆ తర్వాతి వారం పెద్దమ్మ కూరగాయల సంచీ మోసుకుంటూ కార్ఖానాకి వచ్చింది. సంచీలోంచి కూరగాయల బదులు ఒక ప్లగ్గు వేలాడుతోంది. నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది. నాలుక సంగతి గుర్తుందా అన్నట్టు ఎర్రటి గోళ్ళు నాకేసి చూపించింది. నేను తల దించుకుని టంకం పెట్టుకున్నాను.

శ్రుతి గదిలో ఒక మూల, పైన మీటలు తప్ప లోపల ఏమీ బిగించని ఖాళీ పెట్టె ఒకటి ఎప్పటినుంచో పడి ఉండేది. అది ఖాళీదన్న సంగతే పెదనాన్న మర్చిపోయాడు. దాని ముందువైపు స్పీకరు కోసం జాలీ ఉంటుంది. పెద్దమ్మ ఫ్యానుని ఆ జాలీ వెనక కూర్చోబెట్టి, తీగని పెట్టె తీగలాగే వెనక నుంచి తీసి, మూత వేసేసింది. బయటినుంచి చూస్తే అదో కీబోర్డు. ఎదురుగా కూర్చుంటే హాయిగా గాలి. పెదనాన్న అడుగుల చప్పుడు వినపడగానే స్విచ్చి ఆపేసేది. ఎప్పుడైనా ఆలస్యమైతే బొంగురు స్వరం మీట ఒకటి గట్టిగా నొక్కి పట్టుకునేది.

"ఏదో గూఁ మంటోంది?" అనేవాడు పెదనాన్న.

"మీ ట్రాన్స్‌ఫార్మరే. పొద్దున్నుంచీ చెప్దామనుకుంటున్నా."

పాపం, ఆ రొద ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడానికి పెదనాన్న ఒక్కో పెట్టె విప్పి ట్రాన్స్‌ఫార్మర్లు మార్చాడు. ఒకసారి ఆ ఖాళీ పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడి, "ఇది మాత్రం చప్పుడు లేకుండా బుద్ధిగా ఉంది" అని మెచ్చుకున్నాడు కూడా. మధ్య గదిలో మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేక బల్ల కిందకి వంగిపోయాం.

"మరి శ్రుతి సంగతేంటి పెద్దమ్మా?" అని ఒకసారి గొణిగాను.

"స్టేజి మీద ఎంత పైకి పోతుందో అంతా ముందే తగ్గించి పెడుతున్నాలే. నా చెవికి ఆ మాత్రం లెక్క తెలియదా?"

తెలియలేదు. గాలి ఒక పక్క నుంచే తగిలేది. దగ్గరున్న భాగాలు బాగా చల్లబడేవి, అవతలి చివరవి కాగుతూనే ఉండేవి. ఆ తేడాని ఏ చెవీ లెక్క కట్టలేదు. కానీ ఆ మాట పెద్దమ్మతో అనే ధైర్యం ఎవరికుంది?

మొదటి దెబ్బ కోటాయనకి తగిలింది. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు కాబట్టి ఆ పేరు. పాటల బృందం నడిపేవాడు, మా పెట్టె తప్ప ఇంకోటి ముట్టడు. కొత్తగా కొన్న పెట్టెతో స్టేజి ఎక్కాడు. మొదటి పాట బాగానే వచ్చింది. రెండో పాటలో లైట్లు పెంచారు. పెట్టె వేడెక్కి మెల్లగా పైకి పోవడం మొదలుపెట్టింది. పాడే అమ్మాయి చెవి ఉన్న మనిషి కావడంతో పెట్టెతో పాటే తనూ పైకి వెళ్ళింది. ఇంకాస్త పైకి వెళ్ళింది. చివరి చరణానికి ఆ పిల్ల గొంతు కీచుమని పగిలి, జనం ఈలలు వేశారట. మర్నాడు కోటాయన పెట్టె చంకన పెట్టుకొచ్చి మా మీద ఒంటికాలి మీద లేచాడు.

పెదనాన్న బుర్ర గోక్కున్నాడు. తన లెక్కల్లో తప్పు లేదు. భార్య చెవిలో తప్పు ఉండదు. ఇంక మిగిలింది చిప్పు. ఆ చిప్పులు మాకోసం ఒకాయన ప్రత్యేకంగా చేయించి పంపేవాడు. పెదనాన్న ఆయనకి ఫోన్ చేసి కడిగిపారేశాడు. "నాసిరకం సరుకు అంటగడతారా? నా పెట్టె పరువు తీస్తారా?" అని ఆయన కేకలు మెట్ల దాకా వినిపించాయి. అవతల ఏమన్నారో అప్పుడు మాకు వినపడలేదు. పెదనాన్న మాత్రం ఉన్నట్టుండి మెత్తబడి, "అంటే... అసలే చెయ్యరా?" అన్నాడు. ఆ చిప్పు వాడేది మేమొక్కళ్ళమేనట. మొహమాటానికి చేస్తున్నాడట. ఆ మొహమాటం కూడా తీరిపోయిందని చెప్పి చిప్పులాయన ఫోన్ పెట్టేశాడు. లోకమంతా చెప్పుకునే చిప్పుల కరువు మా ఇంట్లో ఇలా వచ్చింది.

అయినా కొంప మునగలేదు. అలమర నిండా చిప్పులు ఉన్నాయి. పెదనాన్న కోటాయన పెట్టెలో చిప్పులన్నీ మార్చాడు. పెద్దమ్మ ఫ్యాను ముందు కూర్చుని దాన్ని మళ్ళీ శ్రుతి చేసింది. అది మళ్ళీ స్టేజి మీద పైకి పోయింది.

రెండోసారి కోటాయన వచ్చిన రోజు అతనికి సాయంత్రమే ప్రదర్శన ఉంది. మనిషి కోపంతో ఊగిపోతున్నాడు. "ఇప్పటికిప్పుడు వేరే పెట్టె ఇవ్వండి, లేకపోతే ఆ అంకెల కీబోర్డు కొనుక్కుని మీ పేరు మర్చిపోతా" అన్నాడు. ముందు గది అరల్లో ఒక్క పెట్టె కూడా లేదు. పెద్దమ్మ చేతులు కడుక్కోవడానికి కిందకి వెళ్ళింది. పెదనాన్న శ్రుతి గదిలోకి పరుగెత్తి, చప్పుడు లేకుండా బుద్ధిగా ఉండే ఆ పెట్టెని రెండు చేతులతో ఎత్తుకొచ్చి కోటాయన ముందు పెట్టాడు. నేను లేచాను. నోరు తెరిచాను. నాలుక కోస్తానన్న మాట గుర్తొచ్చి మళ్ళీ మూసుకున్నాను.

"ఇది మా ఆవిడ దగ్గర పెట్టుకున్నది. వాయించి చూడండి" అన్నాడు గర్వంగా, ప్లగ్గు పెడుతూ.

కోటాయన కోటు సర్దుకుని, మెడ వంచి, ఒక మీట నొక్కాడు. స్వరం రాలేదు. గాలి వచ్చింది. ఇంకో మీట నొక్కాడు. జాలీలోంచి గాలి ఇంకా బాగా వచ్చి ఆయన కోటు అంచులు ఎగరడం మొదలుపెట్టాయి. బల్ల మీద కాగితాలు లేచి గదంతా తిరిగాయి. ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డాడు. బహుశా హాయిగా ఉండి ఉంటుంది.

"కొత్త మోడలా?" అన్నాడు చివరికి.

పెదనాన్న మూత ఎత్తాడు. లోపల ఫ్యాను తల అటూ ఇటూ తిప్పుతోంది. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఇదా!" అని అరిచాడు పెదనాన్న. "ఇదా సంగతి! ట్రాన్స్‌ఫార్మర్లు మార్చాను. చిప్పులాయనతో తగువు పెట్టుకున్నాను. నా పెట్టె పరువంతా గాలికి..."

"డాక్టరు వద్దంది పెదనాన్నా!" నా నోట్లోంచి ఊడిపడింది. "ఆ వేడికి పెద్దమ్మ గుండె తట్టుకోదంది. ఆ గదిలోకి అసలు వెళ్ళొద్దంది."

పెద్దమ్మ నన్ను చూసిన చూపుకి మాడి మసైపోవాలి. పెదనాన్న అరుపు మధ్యలోనే ఆగిపోయింది. ఏదో అడగబోయాడు. ఈలోగా కోటాయనకి తన సాయంత్రం గుర్తొచ్చింది.

"మీ ఇంటి గొడవలు మీరు చూసుకోండి. నా పెట్టె సంగతి తేల్చండి. ఈవిడ చెవి ఇదివరకటిలా లేదని నేనెప్పుడో అనుకున్నాను" అన్నాడు.

ఆ ఒక్క మాటతో కొంప అంటుకుంది. పెద్దమ్మ మొహం ఎర్రబడింది. కోటాయన తెచ్చిన పెట్టెని చంకన పెట్టుకుని, స్క్రూడ్రైవరు తీసుకుని, తిన్నగా శ్రుతి గది వైపు నడిచింది. "నా చెవి గురించా? ఫ్యానూ వద్దు ఏమీ వద్దు. తలుపు వెయ్యండి. ఎలా ఉందో చూపిస్తాను."

పెదనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోండి."

"తప్పుకోను. నేను కూర్చుంటా. నువ్వు బయట ఉండి చెప్పు."

పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆ పెట్టె నమూనా గీసినవాడు ఆయనే, లోపలి ప్రతి తీగా ఆయన ఊహే. కానీ ఆ గదిలో ఆ ముక్కాలిపీట మీద ఒక్క పూట కూడా కూర్చోలేదు. వచ్చేవాడు, చూసేవాడు, చెమట పట్టకముందే పోయేవాడు. పెద్దమ్మ పెదవి చివర నవ్వు మెరిసింది. స్క్రూడ్రైవరు ఆయన చేతిలో పెట్టింది.

మధ్య గదిలో, శ్రుతి గది తలుపు పక్కన కుర్చీ వేయించుకుంది. ఫ్యాను తెచ్చి తన ఎదురుగా పెట్టమంది. తలుపు ఓరగా వేసి, పెట్టె కాగేదాకా ఆయన్ని లోపల ఉంచింది. మేం పని మానేసి చూస్తూ కూర్చున్నాం. జీవితంలో అంత మంచి వినోదం మళ్ళీ దొరకలేదు.

"మీట నొక్కండి. ఊఁ. తగ్గించండి. తగ్గించమంటే పెంచుతారేం?"

"కుడివైపే కదా తిప్పాను!"

"కుడి ఎడమా తెలియనివాళ్ళు కార్ఖానా ఎందుకు పెట్టారో! ఇంకొంచెం. చాలు. చాలు అన్నాను కదండీ! దాటిపోయింది. మళ్ళీ మొదటికి రండి."

"చెమట కళ్ళలో పడుతోందే."

"తువ్వాలు చుట్టుకోండి, తడిది. మంచి సలహా, ఎవరో చెప్పారు."

కోటాయన మొదట గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఆయన కూడా ఫ్యాను పక్కకి కుర్చీ జరుపుకుని నవ్వడం మొదలుపెట్టాడు. లోపలినుంచి స్క్రూడ్రైవరు జారిపడిన చప్పుళ్ళు, మూలుగులు వచ్చాయి. మెల్లగా మాటలు తగ్గాయి. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వింటూ, "ఇది కుదిరింది. చుక్క పెట్టండి. తర్వాతది" అంటూ పోయింది. ఆవిడ గొంతులో కూడా వెటకారం తగ్గిపోయింది. చివరి మీట దాకా వచ్చాక కోటాయన మొత్తం వాయించి చూశాడు. పెద్దమ్మకి వంగి దణ్ణం పెట్టి పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

పెదనాన్న బయటికి వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ళ నిండా గోళ్ళ రంగు. గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు. నేనిచ్చిన నీళ్ళు గటగటా తాగి, పెద్దమ్మ కేసి చూశాడు.

"ఇన్నేళ్ళూ ఇందులోనా కూర్చున్నావు?"

"లేదు, తోటలో కూర్చున్నా."

"ఆపేద్దాం" అన్నాడు.

"ఏమిటి ఆపేది?"

"పెట్టెలు. చిప్పులాయన ఎలాగూ మానేశాడు. అందరికీ అదే చెబుదాం."

"అలమర నిండా చిప్పులున్నాయి."

"ఉండనీ."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "చూశావా? చెప్పొద్దన్నది ఇందుకే" అంది. మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "మీకు జాలి వేసింది, తాళం పడింది. నన్ను అడిగారా? వేలమంది వాయించుకున్న పాటంతా నా చెవిలోంచి వెళ్ళింది. రేపటినుంచి నేనెవర్ని?"

పెదనాన్న ఎర్రటి వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు. రంగు పోలేదు.

"పెట్టె పాడైతే నువ్వు బాగుచేస్తావు" అన్నాడు. "నువ్వు పాడైతే నేనేం చెయ్యను? ఇందాక చూశావు కదా, నాకు స్క్రూ తిప్పడం కూడా రాదు."

నాకు ఏడుపొచ్చింది. టంకం పొగ అని సర్దిచెప్పుకుందామన్నా, కడ్డీలు ఎప్పుడో చల్లారిపోయాయి. పెద్దమ్మకి కోపం పోలేదు. అది అంత తొందరగా పోయేది కూడా కాదు. లేచి, తన ఎదురుగా ఉన్న ఫ్యానుని ఆయన వైపుకి తిప్పింది.

"ముందు ఆ చొక్కా విప్పి ఆరేసుకోండి" అంది. "రేపు పొద్దున్నే నాకు పని కావాలి. ఏం పనో ఈలోగా మీరే ఆలోచించండి. ఇంట్లో మాత్రం కూర్చోను."